ముఖం నటుడిదా, వేషానిదా? కబుకి అచ్చు బొమ్మల్లోని చిక్కుముడి

జపాన్ వాళ్ల పాత అచ్చు బొమ్మలు ఎవరికి చూపించినా మొదట వచ్చే మాట ఒకటే: "అన్ని మొహాలూ ఒకేలా ఉన్నాయేంటి?" మెల్లకన్ను, కిందికి వంగిన మూతి, బిర్రబిగుసుకున్న మెడ, ఒంటి మీద గుడారమంత బట్ట. ఒకటి చూస్తే వంద చూసినట్టే అనిపిస్తుంది.

ఆ బొమ్మలు అచ్చయిన ఊళ్లో మాత్రం సంగతి వేరు. ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, కొట్లో పనిచేసే కుర్రాడు కూడా అక్షరం చదవకుండానే ఆ బొమ్మ ఏ కబుకి నటుడిదో చెప్పేవాడు. కబుకి అంటే జపాన్ వాళ్ల పాత నాటకం. ముక్కు కొండలా ఉంటే ఐదో మత్సుమోతో కోషిరో. ఆయన్ని జనం "పొడుగు ముక్కు కోషిరో" అనే పిలుచుకున్నారు. కళ్లే ముందు కనబడితే ఐదో ఇవాయ్ హన్షిరో. ఆడవేషంలో ఆయన కళ్లకి "వెయ్యి ర్యోల కళ్లు" అని పేరు. ర్యో అంటే అప్పటి బంగారు నాణెం.

మనకి ఒకేలా కనిపించే మొహాల్లో వాళ్లకి ఇంత తేడా ఎలా కనిపించింది? వాళ్లకి అలవాటు, మనకి లేదు అని సరిపెట్టుకోవచ్చు. కానీ అసలు చిక్కు వేరే ఉంది. కబుకి బొమ్మలో ఒక్క ఒంట్లో ఇద్దరుంటారు. వేషం వేసుకున్న నటుడు ఒకడు, ఆ వేషం ఇంకొకడు. గీసేవాడు ఎవరి ముఖం గీయాలి? ఈ ప్రశ్నకి దాదాపు రెండు వందల ఏళ్లలో చిత్రకారులు ఇచ్చిన జవాబులు ఒకదానికొకటి పొంతన లేనివి. ఆ జవాబులు మారడానికి కళ ఎంత కారణమో, వ్యాపారమూ ప్రభుత్వమూ అంతే కారణం.

నుదుటి మీద ఊదా గుడ్డ

ముందు కబుకి గురించి నాలుగు మాటలు. 1603లో క్యోతో నగరంలో, కామో నది ఇసుకమేట మీద, ఒకుని అనే ఆమె మగవేషం కట్టి, కత్తి పెట్టుకుని, వెక్కిరింతలతో ఆడిన ఆటలతో ఇది మొదలైందని చెబుతారు. "కబుకి" అన్న మాటకే అప్పట్లో వంకర తిరిగినది, దారి తప్పినది అని అర్థం. ఆడవాళ్ల బృందాలు పెరిగాయి, వాళ్ల చుట్టూ కొట్లాటలూ సానివ్యాపారమూ పెరిగాయి. 1629లో ప్రభుత్వం ఆడవాళ్లని రంగస్థలం నుంచి నిషేధించింది. వాళ్ల బదులు పడుచు కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల కోసమూ అవే కొట్లాటలు. 1652లో వాళ్లనీ ఆపేశారు. చివరికి పెట్టిన షరతు వింతగా ఉంటుంది: పెద్దయిన మగవాళ్లలాగా నుదుటి పైన జుట్టు గొరిగించుకున్న వాళ్లే ఆడాలి. అందం తగ్గితే గొడవ తగ్గుతుందని ఆశ.

ఆడవేషం కట్టే మగవాడు మనకి కొత్త కాదు. స్థానం నరసింహారావు సత్యభామ గురించి మన పెద్దవాళ్లు ఇప్పటికీ కథలు చెబుతారు. జపాన్లో ఈ నటుడిని ఒన్నగాత అంటారు. మరి ఆ గొరిగిన నుదురు సంగతి? దాన్ని ఊదా రంగు పట్టుగుడ్డ ముక్కతో కప్పేవారు. రానురాను ఆ గుడ్డే ఒక అలంకారమైపోయింది. 18వ శతాబ్దపు అచ్చు బొమ్మలో అందమైన అమ్మాయి నుదుటి మీద చిన్న ఊదా గుడ్డ కనిపిస్తే ఆ అమ్మాయి అమ్మాయి కాదు, కబుకి నటుడు. బొమ్మలో ఇద్దరున్నారన్న సంగతికి ఇంతకంటే తేలికైన గుర్తు ఇంకోటి లేదు.

ప్రభుత్వం కట్టడి చేసినా జనం ఆగలేదు. ఎడోలో అనుమతి ఉన్న పెద్ద నాటకశాలలు మూడు: నకమురా-జ, ఇచిమురా-జ, మొరిత-జ. పైనున్న నటుడి ఏడాది జీతం వెయ్యి ర్యోలని చెప్పుకునేవారు. అదే మనిషి సమాజంలో మాత్రం "ఏటిగట్టు జనం" అనే తక్కువ పేరుతో బతకాలి. డబ్బుంది, గుర్తింపుంది, గౌరవం లేదు. అచ్చు బొమ్మల వ్యాపారం ఈ సందులోనే పుట్టింది.

పేరుంది, ముఖం లేదు

1687లో ఒసాకా నుంచి ఎడోకి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి తొరీ కియొమోతో ఆడవేషాలు వేసే నటుడు, నాటకశాల బోర్డులు కూడా గీసేవాడు. కొడుకు కియొనొబు ఆ బోర్డుల పనిని కాగితం మీదికి తెచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మొదటి ఇచికావ దంజూరో అరగోతో అనే మొరటు వీరరసం పద్ధతితో ఎడోని ఊపేస్తున్నాడు. మొహం మీద ఎర్ర చారలు, నేల అదిరేలా అడుగులు, గొంతు చించుకునే డైలాగులు. ఆయన్ని 1704లో రంగస్థలం మీదే తోటి నటుడొకడు పొడిచి చంపాడు. ఆ పేరు మాత్రం చావలేదు, ఇప్పుడు పదమూడో దంజూరో నడుస్తున్నాడు.

తొరీ వాళ్ల గీతకి జపాన్ వాళ్లు పెట్టిన పేరు "సొరకాయ కాళ్లు, వానపాము గీతలు". పిక్కలు సొరకాయల్లా ఉబ్బి ఉంటాయి, గీత సన్నంగా మొదలై లావై మళ్లీ సన్నబడుతుంది. దూరం నుంచి కనిపించాల్సిన బోర్డుకి అది సరైన గీత. ఆ బొమ్మల్లో మొహాలు చూడండి, నిజంగానే ఒకేలా ఉంటాయి. కాబట్టి మొదట్లో వచ్చిన ఆ ఫిర్యాదు తొరీ వాళ్ల విషయంలో న్యాయమైనదే. ఏ నటుడో తెలియాలంటే మొహం కాదు, భుజమ్మీదో చేతి మీదో ఉన్న ముద్ర చూడాలి. ఒకదాంట్లో ఒకటి ఇమిడిన మూడు చతురస్రాలుంటే దంజూరో వంశం. అవి బియ్యం కొలిచే చెక్క కొలపాత్రలు, మన కుంచం లాంటివన్నమాట. ముడేసిన పట్టుదూది కట్ట ఉంటే సెగావా కికునోజో. కథలో ఆ పాత్ర బిచ్చగాడైనా సరే, బట్ట మీద నటుడి ఇంటి ముద్ర ఉండి తీరాలి. అంటే ఇక్కడ ముఖం వేషానిది, ముద్రా పేరూ నటుడివి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పేరు ఒక్క మనిషిది కాదు. దంజూరో, కికుగోరో, ఉతాఎమోన్ లాంటివి వంశంలో ఒకరి తరవాత ఒకరికి అందే పేర్లు. మనం ఇప్పుడు "ఐదో", "ఏడో" అని అంకెలు చేర్చి చెబుతున్నాం గానీ బొమ్మల మీద చాలాసార్లు ఆ అంకె ఉండదు. ఒకే పేరు, ఒకే ముద్ర, మనిషి మాత్రం తాతో మనవడో. ముఖం లేకుండా పేరు మాత్రమే ఉంటే ఎవరిదని చెప్పడం? చరిత్రకారులు ఏ నాటకం, ఏ ఏడు, ఏ నాటకశాల అని పాత కరపత్రాలతో పోల్చుకుంటూ తేల్చాల్సి వస్తుంది.

చెక్క, కాగితం, ఇరవై మోన్లు

పెడనలో గుడ్డ మీద అచ్చు వేయడం చూసినవాళ్లకి ఈ పని తొందరగా అర్థమవుతుంది. తేడా ఒక్కటే: పెడనలో దిమ్మని తీసుకెళ్లి గుడ్డ మీద అద్దుతారు, జపాన్లో దిమ్మకి రంగు పూసి, దాని మీద కాగితం పరిచి, వెనక నుంచి వెదురు పొర చుట్టిన చదునైన సాధనంతో రుద్దుతారు. అడవి చెర్రీ చెక్క, మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితం. చిత్రకారుడు గీసిన పల్చటి కాగితాన్ని చెక్క మీద బోర్లా అతికించి చెక్కుతారు, అంటే అసలు బొమ్మ అక్కడే నాశనమైపోతుంది. ఎనిమిది రంగులుంటే కనీసం ఎనిమిదిసార్లు రుద్దాలి, ప్రతిసారీ కాగితం అంతకుముందున్న చోటే పడాలి. అందుకోసం దిమ్మ మూలన చిన్న గంటు పెట్టుకునేవారు.

మొదట్లో నల్లగీత అచ్చు వేసి, దాని మీద నారింజ రంగో గులాబి రంగో చేత్తో పూసేవారు. 1740ల్లో రెండు మూడు రంగుల అచ్చులు వచ్చాయి. 1765లో సుజుకి హరునోబుతో నిండు రంగుల అచ్చు మొదలైంది, దాన్ని జరీ బొమ్మ అన్నారు.

పనివాళ్లు ముగ్గురు: గీసేవాడు, చెక్కేవాడు, అచ్చు వేసేవాడు. వాళ్లందరి పైనా పెట్టుబడి పెట్టే ప్రచురణకర్త. సినిమా భాషలో చెప్పాలంటే ఆయనే నిర్మాత. ఏ నటుడి బొమ్మ ఎప్పుడు రావాలో తేల్చేది ఆయనే. బొమ్మ ధర ఇరవై మోన్లకి (మోన్ అంటే అప్పటి చిల్లర నాణెం) కాస్త అటూ ఇటూ, సోబా సేమియా ఒక గిన్నె 16 మోన్లు. ఇవాళ మ్యూజియంలో గాజు వెనక మసక వెలుతురులో పెట్టిన కాగితం ఒకప్పుడు టిఫిన్ ఖర్చుతో వచ్చిందని గుర్తుపెట్టుకుంటే, దాన్ని చూసే కన్నే మారుతుంది.

ముఖం వచ్చింది

1770లో కత్సుకావా షున్షో, ఇప్పిత్సుసాయ్ బున్చో కలిసి ఒక బొమ్మల పుస్తకం తెచ్చారు. ప్రతి పేజీలో విసనకర్ర ఆకారం, దాంట్లో ఒక నటుడి సగం ఒళ్లు. ఈసారి ఎవరి మొహం వాళ్లది. ఒకడికి దవడ వెడల్పు, ఒకడికి కళ్ల కింద సంచులు, ఇంకొకడికి బండ ముక్కు. దీన్ని నిగావో అన్నారు, అంటే పోలిక ఉన్న ముఖం. షున్షో శిష్యుల్లో ఒకడు షున్రో పేరుతో 1779 నుంచి నటుల బొమ్మలు గీశాడు. తరవాత ఆ కుర్రాడే హొకుసాయ్ అయ్యాడు. ప్రపంచమంతా తెలిసిన ఆ పెద్ద కెరటం బొమ్మ గీసిన చేయి పని నేర్చింది నాటకాల వాళ్ల మొహాల మీదే.

ఇక్కడ మెల్లకన్ను సంగతి కూడా చెప్పుకోవాలి. కబుకిలో కథ పతాకస్థాయికి రాగానే నటుడు తల తిప్పి, కాలు చాపి, ఒక్కసారి బిగుసుకుపోతాడు. పక్కన కూర్చున్నవాడు చెక్కముక్కలతో పలక మీద టకటకా కొడతాడు. దీన్ని మియే అంటారు. ఆ క్షణంలో చాలాసార్లు ఒక కన్ను లోపలికి తిరుగుతుంది. అది లోపం కాదు, ఏళ్ల సాధన. దంజూరో వంశం వాళ్ల ఆ చూపు పడితే ఏడాదంతా జబ్బు రాదని జనం నమ్మేవారు. చిత్రకారుడికి మియే వరం లాంటిది: కదిలే నాటకం తనంతట తానే ఆగి బొమ్మ అయి నిలబడుతుంది. అందుకే మనం చూసే బొమ్మల్లో సగానికి సగం అందరూ బిగుసుకునే కనిపిస్తారు.

మొహం మీది చారలకీ లెక్కుంది. ఎరుపు మంచివాడి ఆవేశం, నీలం పగా కపటమూ, గోధుమ రంగు దెయ్యాలకీ మనిషి కాని వాటికీ. ఈ చారలు మొహంలోని కండరాల దారి వెంట నడుస్తాయి. వేషం ముఖం అంటే అదీ. దాని కింద నటుడి ముక్కూ దవడా ఎంత కనబడాలన్నదే షున్షో తరవాత వచ్చినవాళ్ల తగువు.

పది నెలల మనిషి

ఆ తగువుని అంచుదాకా తీసుకెళ్లినవాడు తోషూసాయ్ షరకు. 1794లో, వాళ్ల చాంద్రమానం ప్రకారం ఐదో నెలలో, ఒకేసారి 28 పెద్ద బొమ్మలతో ఊడిపడ్డాడు. అన్నీ ఛాతీ నుంచి పైకి, వెనక అభ్రకం పొడి కలిపిన ముదురు రంగు. దీపం కదిలితే మెరుస్తుంది. పది నెలలు తిరిగేసరికి 140కి పైగా బొమ్మలు వదిలి మాయమైపోయాడు. అంతకుముందు ఆ పేరు లేదు, తరవాతా లేదు.

ఆ 28లో అందరికీ తెలిసినది ఒకటుంది. ముందుకి పొడుచుకొచ్చిన గడ్డం, ఎత్తిన కనుబొమలు, ఛాతీ మీద బట్ట సందులోంచి చాచిన రెండు చేతులు, విచ్చుకున్న వేళ్లు. మూడో ఓతాని ఓనిజి, ఎడోబే అనే కిరాయి నౌకరు వేషంలో. యజమాని డబ్బు మోసుకెళ్తున్న ఇప్పేయ్ అనే ఇంకో నౌకరు మీద పడబోతున్నాడు. ఆ ఇప్పేయ్ వేరే కాగితం మీద ఉన్నాడు, కత్తి దూయబోతూ. రెండూ పక్కపక్కన పెడితేనే సన్నివేశం పూర్తవుతుంది. ఎడోబే చేతులు మరీ చిన్నవి, కొలత తప్పాయి. అయినా (నా మటుకు నాకు అందుకే) ఆ చేతులు భయపెడతాయి.

కానీ షరకు అసలు తెగింపు ఆడవేషాల దగ్గర ఉంది. మూడో సెగావా కికునోజోని గీసినా, రెండో సెగావా తొమిసబురోని గీసినా, ఖరీదైన కొప్పు కిందా ఊదా గుడ్డ కిందా ఉన్నది వయసొచ్చిన మగవాడి దవడ. అభిమాని ఇరవై మోన్లు పెట్టి కొనుక్కునేది తన కలలో రాణిని. షరకు అమ్మింది ఆ రాణి బట్టల్లో ఉన్న మగవాడిని. పైగా పెద్ద స్టార్లకి ఇచ్చినట్టే ఎవరూ పట్టించుకోని చిన్న నటులకీ కాగితం నిండా చోటిచ్చాడు. చిన్న నటుడి బొమ్మ ఎవరు కొంటారు?

ఆ కాలపు రచయిత ఓత నన్పో ఉకియో-ఎ (ఈ అచ్చు బొమ్మల కళకి జపాన్ పేరు) చిత్రకారుల గురించి రాసిపెట్టిన వివరాల్లో షరకు గురించిన ముక్క చిన్నదే: నిజాన్ని మరీ గీయబోయి, గీయకూడనట్టు గీశాడు, అందుకే ఏడాది రెండేళ్లకు మించి నిలవలేదు. జనానికి నచ్చక పక్కకి జరిగిపోయాడనే మాట ఇక్కడి నుంచే వచ్చింది.

నాకు ఆ వివరణ సగమే అనిపిస్తుంది. మిగతా సగం ప్రచురణకర్త త్సుతయ జూజబురో దగ్గర ఉంది. 1790లో ప్రభుత్వం ప్రతి అచ్చు బొమ్మకీ తనిఖీ ముద్ర తప్పనిసరి చేసింది. మరుసటి ఏడే కట్టడి దాటిన పుస్తకాలు వేశాడని త్సుతయ ఆస్తిలో సగం లాక్కున్నారు, రాసిన సంతో క్యోదెన్ చేతులకి యాభై రోజులు బేడీలు వేశారు. నాటకశాలల పరిస్థితీ అంతే: 1794 నాటికి పెద్ద నాటకశాలలు మూడూ అప్పుల్లో మునిగి, వాటి అనుమతుల మీద మియాకో-జ, కిరి-జ, కవరజాకి-జ అనే బదులు నాటకశాలలు ఆడుతున్నాయి. దెబ్బతిన్న ప్రచురణకర్త, దెబ్బతిన్న నాటకరంగం, పేరు లేని కొత్త చిత్రకారుడు, ఒకేసారి 28 ఖరీదైన బొమ్మలు. ఇది కళాఖండాల వరస మాత్రమే కాదు, పెద్ద జూదం కూడా. రెండో విడత నుంచి నిలువెత్తు బొమ్మలొచ్చాయి, కాగితాలు చిన్నవయ్యాయి, చివరికి గీత కూడా నీరసించింది. జూదంలో ఓడిపోతున్నవాడి లెక్కలా ఉంటుంది ఆ వరస.

షరకు ఎవరు? బలమైన ఆధారం ఉన్న పేరు సైతో జూరోబే. అవా ప్రాంతపు ప్రభువు కొలువులో ఉన్న నో నటుడు. నో అంటే కులీనుల నాటకం, ముఖ్యమైన వేషాలకి చెక్క ముసుగు పెట్టుకుని ఆడతారు. ముసుగుల మధ్య బతికిన మనిషి బయటికొచ్చి రంగు వెనకున్న మొహాలు గీశాడంటే ఏదో అతికినట్టే ఉంటుంది. మరీ చక్కగా అతికే కథలని కొంచెం అనుమానించడం కూడా మంచిదే. షరకుకి ప్రపంచంలో పేరు రావడానికి 1910లో యూలియస్ కుర్త్ జర్మన్‌లో రాసిన పుస్తకం పెద్ద కారణం. ఎడో వీధుల్లో ఓడిపోయినవాడు జర్మనీలో గెలిచాడు.

బొమ్మ సాక్ష్యం కాదు

ఆ పందెంలో ఎడోలో గెలిచినవాడు ఉతాగావా తొయొకుని. అదే 1794లో మొదలుపెట్టి నటుల నిలువెత్తు బొమ్మల వరసొకటి తెచ్చాడు. పోలిక ఉంటుంది గానీ నొప్పించదు. ముక్కు ఉన్నంతే ఉంటుంది, ముడతలు మాత్రం మాయం. ఆ బొమ్మల మీద పేరు కూడా తమాషాగా రాశాడు: నటుడి అసలు పేరు కాదు, "కోరైయా" లాంటి ఇంటిపేరు. ఆటలో మంచి ఘట్టం రాగానే అభిమానులు వెనక నుంచి అరిచేది ఆ ఇంటిపేరే. అంటే బొమ్మ మీద ఉన్నది పేరు కాదు, కేక.

చాలామంది పొరబడే చోటు ఇక్కడే ఉంది. ఈ బొమ్మలు నాటకం ఫోటోలు అనుకుంటాం. కాదు. చాలా బొమ్మలు ఆట మొదలయ్యే సమయానికే కొట్లో ఉండేవి, కొన్ని ఇంకా ముందే. నటుడి మొహం చిత్రకారుడికి కంఠతా, ఎవరు ఏ వేషమో నాటకశాల ముందే చెబుతుంది, బట్టల రంగు ఊహించుకోవచ్చు. తరవాత వేషం మారితే బొమ్మ తప్పయిపోతుంది, అంతే. ఇంకో రకం బొమ్మలు మితాతే. ఎప్పుడూ జరగని ఆట, ఎప్పుడూ కలిసి నటించని నటులు, ఒక్కోసారి చనిపోయిన నటుడు కూడా. "ఆ వేషం మా హీరో వేస్తే ఎలా ఉంటుంది" అన్న అభిమాని ఊహని డబ్బు చేసుకోవడం. వీటిని చూసి ఫలానా ఏడు ఫలానావాడు ఈ వేషం వేశాడని రాసేస్తే పప్పులో కాలేసినట్టే.

ఒసాకాలో ఇదే వ్యాపారం ఇంకా చిన్న గిరిలో నడిచింది. అక్కడి అచ్చు బొమ్మలు దాదాపు అన్నీ నటులవే. మూడో నకమురా ఉతాఎమోన్ ఒక్కడి బొమ్మలతోనే బతికిన చిత్రకారులున్నారనిపిస్తుంది.

ముఖముంది, పేరు లేదు

1841లో అగ్నిప్రమాదంలో నకమురా-జ, ఇచిమురా-జ కాలిపోయాయి. మంత్రి మిజునో తదకుని పొదుపూ నీతీ అంటూ దేశాన్ని బిగిస్తున్న కాలం అది. ఇదే అదనుగా నాటకశాలలని ఊరి అంచున అసకుసా వైపు, సరువకా-చోకి నెట్టేశారు. 1842లో నటుల బొమ్మలూ వేశ్యల బొమ్మలూ వేయకూడదని ఉత్తర్వు వచ్చింది. ఏడో దంజూరోని, అప్పటికే కొడుక్కి ఆ పేరు ఇచ్చేసి ఎబిజో అయ్యాడు, ఆడంబరంగా బతికాడని ఎడో నుంచి బహిష్కరించారు. నటులు వీధిలోకొస్తే మొహం కప్పే గడ్డి టోపీ పెట్టుకోవాలన్నారు. మొహంతోనే బతికే మనిషికి మొహం కప్పుకోమని శిక్ష.

అప్పుడు డెబ్బై ఏళ్లుగా పోగుపడ్డ నిగావో అలవాటు అక్కరకొచ్చింది. జనానికి మొహాలు కంఠతా వచ్చేశాయి కాబట్టి పేరు తీసేస్తే చాలు. ఉతాగావా కునియోషి తాబేళ్లకి, చేపలకి, పిల్లులకి నటుల మొహాలు పెట్టాడు. దాదాపు 1847 ప్రాంతంలో ఇంకా ముందుకెళ్లి, గోడ మీద ఎవరో అల్లరివాడు మేకుతో గీకినట్టు వంకరటింకర గీతల మొహాలు గీశాడు. మధ్యలో తలగుడ్డ కట్టుకుని చిందేస్తున్న పిల్లి. తనిఖీ అధికారికి అవి పిచ్చిగీతలు, అభిమానికి ప్రతి గీతా ఒక పేరు. ఆ బొమ్మ శీర్షికలోనే "పోలికుంది కాబట్టి" అని వినబడే శ్లేష ఒకటి దాచాడు. ఉకియో-ఎ మొత్తంలో ఒక్క బొమ్మ నాకు ఇస్తామంటే షరకుని వదిలేసి ఇదే అడుగుతాను.

కట్టడి మెల్లగా సడలింది గానీ పేరు రాయకపోవడం అలవాటైపోయింది. తొయొకుని శిష్యుడు కునిసద, గురువు పేరు తీసుకున్నాక, 1852లో తోకైదో రహదారి మజిలీల వరస తెచ్చాడు. వెనక ఊళ్ల దృశ్యం, ముందు కబుకి వేషంలో మనిషి. పాత్ర పేరుంటుంది, ఊరి పేరుంటుంది, నటుడి పేరు ఉండదు. జనం ఎగబడి కొన్నారు, ప్రచురణకర్తలు వరస పొడిగిస్తూ పోయారు. తొరీ వాళ్ల కాలంలో పేరుండి ముఖం లేదు. ఇప్పుడు ముఖమే పేరు.

రెండూ మళ్లీ ఒక్క కాగితం మీద నిండుగా కలిసింది ఒక చావు దగ్గర. ఎనిమిదో దంజూరో, బహిష్కరణకి గురైన ఆ తండ్రి కొడుకు, అందగాడు, ఎడో ఆడవాళ్ల కలల రాకుమారుడు. 1854లో ఒసాకాలో ఆట మొదలయ్యే సమయంలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఆ వార్త ఎడో చేరగానే వందకి పైగా రకాల స్మారక బొమ్మలు అచ్చయ్యాయి. లేత నీలం బట్టలు, జపమాల, చనిపోయిన రోజు, బౌద్ధ మరణానంతర నామం. ఒకదాంట్లో బుద్ధుడి మహాపరినిర్వాణం బొమ్మనే అనుకరించారు: నడుమ పడుకున్న దంజూరో, చుట్టూ శిష్యుల బదులు ఏడుస్తున్న ఆడవాళ్లు. వాళ్లతో పాటు ఒక పిల్లి. అది భక్తో, వెక్కిరింతో, సంతాపమో, గిరాకీయో చెప్పడం కష్టం. కొన్నవాళ్లకి ఆ తేడా పట్టినట్టు లేదు.

తరవాత ఫోటో వచ్చింది. తొయొహర కునిచిక లాంటివాళ్లు మూడు కాగితాలు కలిపి ఒక్క నటుణ్ణే గీస్తూ 1900 దాకా లాక్కొచ్చారు. పోలిక కావాలంటే స్టూడియోకి వెళ్లొచ్చు అనేసరికి అచ్చు బొమ్మకి పని తగ్గింది. తొరీ వంశం మాత్రం కబుకి బోర్డుల పని వదల్లేదు.

ఇంకో రకం అచ్చు మిగిలే ఉంది. దానికి చెక్క అక్కర్లేదు, చిత్రకారుడూ అక్కర్లేదు. చారల వేషం వేసిన నటుడు ఆట అయిపోయాక, మొహం కడుక్కునే ముందు, తెల్లటి గుడ్డ తీసుకుని మొహానికి అద్దుకుంటాడు. చెమటతో తడిసిన ఎరుపూ నలుపూ గుడ్డకి దిగుతాయి. దీన్ని ఒషిగుమా అంటారు, అభిమానులకి కానుకగా ఇస్తారు. గుడ్డ మీద కనుబొమలున్నాయి, చారలున్నాయి, మూతి వంకరుంది. ఆ మనిషి ముక్కూ కళ్లూ మాత్రం ఎక్కడా లేవు. అందుకని నటుడు కుంచె తీసుకుని, పక్కన వేషం పేరు రాసి, కింద తన పేరు రాస్తాడు.